లగ్జరీ కాన్సెప్ట్ కారులో బొమ్మ ఎంత, బండి ఎంత? ఈక్యూఎక్స్‌ఎక్స్ లెక్కలతో ఒక జవాబు

మీరు అడిగినవి రెండు సంగతులు. ఆటో షోలో తిరిగే వేదిక మీద పెట్టే లగ్జరీ కాన్సెప్ట్ కార్లలో (అమ్మడానికి కాక, ఆలోచన చూపించడానికి చేసే నమూనాల్లో) నిజమైన ఇంజనీరింగ్ ఉంటుందా, లేక అదంతా పైపై సోకేనా అన్నది ఒకటి. డిజైనర్ గీసిన ఆకారాన్ని ఇంజనీర్లు ఎంతవరకు మారుస్తారన్నది రెండోది.

మొదటిదానికి సూటి జవాబు: చాలావాటిలో ఉండదు. 1938లో జనరల్ మోటార్స్‌లో డిజైన్ అధిపతి హార్లీ ఎర్ల్ చేయించిన బ్యూక్ వై-జాబ్‌ను మొదటి కాన్సెప్ట్ కారుగా లెక్కేస్తారు. అది నిజంగా నడిచేది, ఎర్ల్ దాన్ని సొంత వాడకానికి పెట్టుకున్నాడు కూడా. తర్వాత వచ్చినవాటిలో ఎక్కువ భాగం నడవడానికి పుట్టినవి కావు. పైన ఫైబర్‌గ్లాసో కార్బన్ ఫైబరో, లోపల ఉక్కు గొట్టాల ఫ్రేమ్, కిటికీలకు అక్రిలిక్, వేదిక ఎక్కించి దించడానికి ఒక చిన్న మోటారు. టైర్ల మీది గాడులు కూడా చాలాసార్లు చేత్తో చెక్కినవే. దాన్ని తక్కువచేసి మాట్లాడటం లేదు. జనం ఆ ముఖాన్ని ఒప్పుకుంటారో లేదో చూసుకోవడమే దాని పని, ఆ పనికి అది చాలు.

బొమ్మో బండో ఫొటో చూసి పసిగట్టొచ్చు. ముందు చక్రానికీ పైన ఉన్న ఆర్చ్‌కీ మధ్య సందు చూడండి. గుంతలో పడినప్పుడు చక్రం పైకి లేవాలంటే ఏడెనిమిది సెంటీమీటర్ల చోటు కావాలి, స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు ఆర్చ్‌కు తగలకూడదు. వేలు దూరనంత సందు ఉంటే, ఎయిర్ సస్పెన్షన్‌తో బండిని కిందికి దించి పెట్టారన్నా అనుకోవాలి, అది నడవదన్నా అనుకోవాలి. తర్వాత వైపర్లు వెతకండి. గాలి లోపలికి వెళ్లాల్సిన కన్నాలు నిజంగా కన్నాలో, మెరిసే నలుపు రంగేసిన పలకలో చూడండి. కిటికీ అద్దం కిందికి దిగితే తలుపులో దానికి చోటుందా? వంపు ఎక్కువగా ఉన్న అద్దం తలుపులోకి దిగదు. ఈ నాలుగూ దాటితే ఆ కారు గురించి ఆశ పెట్టుకోవచ్చు.

రెండో ప్రశ్నకు మంచి ఉదాహరణ మెర్సిడెస్-బెంజ్ 2022 జనవరిలో చూపించిన విజన్ ఈక్యూఎక్స్‌ఎక్స్. అందులో గీత ఎక్కడ ఆగిందో, లెక్క ఎక్కడ మొదలైందో విడదీయడం కష్టం. దానికన్నా ముందు ఆకారం ఎలా పుడుతుందో రెండు మాటలు.

పేపరు మీది స్కెచ్ అబద్ధం చెబుతుంది. చక్రాలు ఉండాల్సినదానికన్నా పెద్దవిగా, పైకప్పు పల్చగా గీస్తారు. అందుకే తొందరగా కొలతలున్న 3డి సర్ఫేస్‌లోకి, అక్కడి నుంచి క్లే మోడల్‌కు వెళ్తారు. క్లే అంటే కుమ్మరి మట్టి కాదు, మైనం, నూనె, ఫిల్లర్ పొడి కలిసిన ముద్ద. ఓవెన్‌లో 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, చల్లారితే చెక్కడానికి వీలుగా గట్టిపడుతుంది. లోహపు ఫ్రేమ్ మీద ఫోమ్ దిమ్మలు అంటించి, అసలు ఆకారం కన్నా మూడు నాలుగు సెంటీమీటర్లు లోపలికి కోసి, ఆ మందం క్లేతో నింపుతారు. మొదటి పొర వేళ్లతో గట్టిగా నొక్కకపోతే లోపల గాలి చిక్కుకుంటుంది, ఆ చోట మిల్లింగ్ మెషీన్ బ్లేడు తగలగానే ముక్క పెళ్లలా లేస్తుంది. ఐదు యాక్సిస్‌ల మెషీన్ దాదాపు చివరి కొలత దాకా చెక్కి వదిలేస్తే, మిగతాది మనుషులు ఉక్కు పలకలతో గీకుతారు. ఆపైన సాగే ఫిల్మ్ అతికిస్తే పెయింట్ వేసినట్టు మెరుస్తుంది.

ఆ మెరుపు దేనికంటే, తప్పులు దొరికేది అందులోనే. వరస ట్యూబ్‌లైట్ల కింద బండిని పెట్టి చూస్తే పలకల మీద లైట్ల గీతలు పారుతాయి. రెండు పలకలు కలిసేచోట అంచులు ఆనుకుంటే చాలదు, వాలు కలవాలి, వంపు కూడా కలవాలి. వాలు కలిసి వంపు కలవకపోతే గీత తెగదు గానీ అక్కడ మోచేయిలా విరుగుతుంది. చవక కారు తలుపుకూ, చక్రం పైన ఉండే ఫెండర్‌కూ మధ్య ఈ విరుపు మీకు రోజూ కనిపిస్తుంది, లగ్జరీ కారులో కనిపించకూడదు. క్రోమ్ కన్నా, తోలు కన్నా ఖరీదు తెలిసేది ఇక్కడే అని నా అభిప్రాయం.

ఇక ఈక్యూఎక్స్‌ఎక్స్. దీనికి పెట్టుకున్న గురి ఒక్కటే: ఒకసారి ఛార్జ్ చేస్తే మామూలు రోడ్డు మీద 1,000 కి.మీ. దాటాలి, అదీ ఎడాపెడా బ్యాటరీ పెంచకుండా. పెద్ద బ్యాటరీతో 1,000 కి.మీ. వెళ్లడంలో గొప్పేం లేదు, బరువు మోయించుకుంటూ పోవడమే. ఇందులో బ్యాటరీ 100 యూనిట్ల లోపు (కరెంటు బిల్లులో వచ్చే యూనిట్లే ఇవీ). కారు బరువు సుమారు 1,750 కిలోలు, ఆకారం గాలిని ఎంత అడ్డుకుంటుందో చెప్పే డ్రాగ్ కోఎఫిషియంట్ 0.17, ముందు నుంచి చూస్తే కనిపించే వైశాల్యం, అంటే ఫ్రంటల్ ఏరియా 2.12 చదరపు మీటర్లు.

చివరి రెండు అంకెలను విడివిడిగా చూడకండి, గుణించండి. 0.17 × 2.12 = 0.36. గాలికి తెలిసేది ఈ లబ్ధమే. కంపెనీలు మొదటి అంకెనే చాటుకుంటాయి, ఎందుకంటే కారు పెద్దదైనా అది చిన్నదిగా కనిపించొచ్చు. అదే కంపెనీ పెద్ద ఎలక్ట్రిక్ కారు ఈక్యూఎస్‌కు కోఎఫిషియంట్ 0.20 ఉన్నా, ఏరియా 2.51 కాబట్టి లబ్ధం 0.50. మామూలు ఎస్‌యూవీకి 0.33ను 2.6తో వేసుకున్నా 0.86 వస్తుంది.

90 కి.మీ. వేగంలో, అంటే సెకనుకు 25 మీటర్లు, గాలి నిరోధం ఎంతో చూద్దాం. గాలి సాంద్రతలో సగం 0.6, దాన్ని 0.36తో, 25 వర్గమైన 625తో గుణిస్తే 135 న్యూటన్లు. అదే వేగంలో ఆ ఎస్‌యూవీకి 320 పైచిలుకు. టైర్ల సంగతి: ఇందులో వేసిన బ్రిడ్జ్‌స్టోన్ ట్యూరాంజా ఈకో టైర్ల రోలింగ్ రెసిస్టెన్స్ (దొర్లేటప్పుడు టైరు వెనక్కి లాగే బలం) టన్నుకు 4.7 కిలోలు. మనిషితో కలిపి 1,850 కిలోలకు అది సుమారు 85 న్యూటన్లు. రెండూ కలిపితే 220. 100 కి.మీ. దూరం 220 న్యూటన్లతో నెడితే 6.1 యూనిట్లు. బ్యాటరీ నుంచి చక్రం దాకా 95 శాతం చేరుతుందని కంపెనీ చెబుతుంది కాబట్టి బ్యాటరీ వైపు 6.4.

2022 ఏప్రిల్‌లో జర్మనీలోని సిండెల్‌ఫింగెన్ నుంచి స్విట్జర్లాండ్, ఇటలీ మీదుగా ఫ్రాన్స్‌లోని కాసీ దాకా 1,008 కి.మీ. నడిపినప్పుడు వచ్చింది 100 కి.మీ.కి 8.7 యూనిట్లు. సగటు వేగం 87 కి.మీ. పైన. మన లెక్క 6.4 దగ్గర ఆగితే అసలు 8.7 ఎందుకైంది? ఆల్ప్స్ ఎక్కి దిగాలి, దిగేటప్పుడు రీజెన్ (వేగం తగ్గించేటప్పుడు మోటారే కరెంటు పుట్టించి బ్యాటరీకి పంపడం) తిరిగి ఇచ్చేది మొత్తం కాదు. లైట్లు, కంప్యూటర్లు, క్యాబిన్ వేడి ఉన్నాయి. ఇంకోటి చాలామంది మరిచిపోతారు: గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి సగటు వేగంతో లెక్కేస్తే ఎప్పుడూ తక్కువే వస్తుంది. ఆ ప్రయాణంలో జర్మనీ హైవే ఆటోబాన్ మీద 140 దాకా వెళ్లారు. 140లో గాలి నిరోధం 90లోదానికి రెండున్నర రెట్లకు దగ్గర. కాసేపు 140, కాసేపు 40 నడిపితే సగటు 90 వచ్చినా ఖర్చు 90ది కాదు. మీ సొంత ఎలక్ట్రిక్ కారు రేంజ్ లెక్క తప్పడానికి కూడా ముఖ్యమైన కారణాల్లో ఇదొకటి.

ఇప్పుడు డిజైనర్ దగ్గరికి రండి. కోఎఫిషియంట్‌లో 0.01 తగ్గిస్తే 90లో దాదాపు 8 న్యూటన్లు మిగులుతాయి. 100 కిలోల బరువు తగ్గిస్తే మిగిలేది 4.6 మాత్రమే. అంటే హైవే మీద 0.01 అంటే 170 కిలోలతో సమానం. ఇంత ఖరీదైన అంకె తోక ఆకారంలో, చక్రాల చుట్టూ దాగి ఉంటే, స్టైలింగ్ టీమ్ చేతిలోని పెన్సిలే ఆ కారులో అన్నిటికన్నా విలువైన ఇంజనీరింగ్ పనిముట్టు అవుతుంది.

తోక ఎందుకు అంత పొడుగు? కారు వెనక గాలి విడిపోయినచోట ఒత్తిడి పడిపోతుంది, ఆ తక్కువ ఒత్తిడే బండిని వెనక్కి లాగుతుంది. విడిపోయే పలక ఎంత చిన్నదైతే లాగుడు అంత తగ్గుతుంది. అందుకని పైకప్పునీ పక్కలనీ మెల్లగా లోపలికి సన్నబరుస్తూ పోవాలి. తొందరపడి ఎక్కువ వాలు ఇస్తే, 10, 12 డిగ్రీలు దాటాక జాగ్రత్త పడాల్సిందే. గాలి పలకను వదిలేసి ముందే విడిపోతుంది, సన్నబరిచిన లాభం పోయి నష్టం మిగులుతుంది. చివర గుండ్రంగా కాకుండా కత్తిరించినట్టు అంచు ఎందుకు పెట్టారని కొందరు అడుగుతారు. గుండ్రటి అంచు మీద గాలి ఒకసారి ఇక్కడ, ఒకసారి అక్కడ విడిపోతూ నిలకడ లేకుండా ఉంటుంది. పదునైన అంచు ఉంటే విడిపోయే చోటు ఖాయం.

పక్కలు సన్నబడాలంటే వెనక చక్రాలు అడ్డం. ఇక్కడే పీటముడి. ఈక్యూఎక్స్‌ఎక్స్‌లో వెనక ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం ముందు చక్రాలకన్నా 50 మి.మీ. తక్కువ. అలా వెనక చక్రాలు ముందు చక్రాల నీడలో నడుస్తాయి, శరీరం కూడా లోపలికి ముడుచుకుంటుంది. దానికి మూల్యం మలుపులో పక్కకు వాలే గుణం, డిక్కీ వెడల్పు, వెనక సీటు భుజాల చోటు. లగ్జరీ కారు కొనేవాడు వెనక సీట్లో కూర్చునేవాడైతే ఈ మూల్యం బరువే. అందుకే ఈ కారును ముందు, వెనక చక్రాల మధ్య 2.80 మీటర్ల వీల్‌బేస్‌తో చిన్నగా ఉంచారు, తమ పెద్ద సెడాన్ ఎస్-క్లాస్ అంత చెయ్యాలని చూడలేదు.

వెనక కింద డిఫ్యూజర్ (అడుగున పారే గాలిని సాఫీగా బయటికి పంపే పలక) వేగం పెరిగాక 200 మి.మీ. బయటికి జరుగుతుంది, నెమ్మదిస్తే లోపలికి పోతుంది. ఎప్పుడూ బయటే ఉంచితే ర్యాంపు ఎక్కేటప్పుడు నేలకు రాసుకుంటుంది, పార్కింగ్‌లో ఎవరో ఒకరు గుద్దుతారు. కదిలే ఏ భాగానికైనా ఉండే జబ్బు దీనికీ ఉంటుంది: బురద, రాళ్లు ఇరుక్కుంటాయి, సగంలో ఆగిపోతే ఎగుడుదిగుడు లేని అడుగు భాగంలో ఒక మెట్టు ఏర్పడుతుంది. అమ్మే కార్లలో ఇలాంటివి అరుదుగా కనిపించడానికి కారణం అదే. చక్రాలు 20 అంగుళాల మెగ్నీషియంవి. టైరు వ్యాసం పెద్దదైతే నేలను తాకేచోట రబ్బరు తక్కువ వంగుతుంది, సన్నగా ఉంటే గాలికి అడ్డం తగ్గుతుంది.

తర్వాత వేడి. ఈ కారు ముందు భాగం అంత నున్నగా ఉండగలగడానికి అసలు కారణం మోటారు సామర్థ్యమే అని నేనంటాను. హైవే మీద బ్యాటరీ నుంచి 8 కిలోవాట్లు తీసుకుంటే, డ్రైవ్‌లో పోయేది 5 శాతం, అంటే 400 వాట్లు, ఒక మిక్సీ తినేంత. అదే పని పెట్రోల్ ఇంజన్ చేస్తే 15 కిలోవాట్లకు తక్కువ కాకుండా వేడి వదిలించుకోవాలి, దానికి పెద్ద రేడియేటర్, పెద్ద నోరు, లోపల సుడులు తిరిగే గాలి. 400 వాట్లకు అవేవీ అక్కర్లేదు. కారు అడుగున ఒక కూలింగ్ ప్లేట్ పెట్టారు, కింద ఎలాగూ పారే గాలి దాన్ని చల్లబరుస్తుంది. ముందు షట్టర్లు అవసరం పడ్డప్పుడే తెరుచుకుంటాయి. ఇక్కడ లాభాలు ఒకదాన్నొకటి మోస్తాయి: వేడి తగ్గింది, నోరు మూసుకుంది, గాలి నిరోధం తగ్గింది, బ్యాటరీ చిన్నదైంది, నేల కిందికి దిగింది, పైకప్పు తగ్గింది, ఫ్రంటల్ ఏరియా తగ్గింది. ఈ గొలుసులో ఏ ఒక్క చోట తప్పినా మొత్తం వెనక్కి తిరుగుతుంది. కూలింగ్ సరిపోదని చివర్లో తేలి గ్రిల్ పెంచారనుకోండి, పైన చెప్పినవన్నీ ఒక్కొక్కటే ఊడొస్తాయి.

బ్యాటరీ ప్యాక్ 495 కిలోల దగ్గర. దాదాపు అంతే కరెంటు దాచుకునే ఈక్యూఎస్ బ్యాటరీతో పోలిస్తే సగం పరిమాణం, 30 శాతం తక్కువ బరువు. ఛార్జ్ చేసినప్పుడు లిథియం వెళ్లి చేరే కొస యానోడ్‌లో సిలికాన్ పాలు పెంచడం ఇందులో ముఖ్యమైన అడుగు. సిలికాన్ గ్రాఫైట్ కన్నా ఎన్నో రెట్లు లిథియం పట్టుకుంటుంది గానీ, పట్టుకున్నప్పుడు మూడు రెట్ల దాకా ఉబ్బుతుంది. ఛార్జ్ అయిన ప్రతిసారీ ఉబ్బి, ఖాళీ అయిన ప్రతిసారీ ముడుచుకుంటే పైపొర పగులుతుంది, పగిలినచోట కొత్త పొర కట్టడానికి లిథియం ఖర్చవుతుంది, బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. కాన్సెప్ట్ కారు కొన్ని ప్రయాణాలు చేస్తే చాలు, అమ్మే కారు ఎనిమిదేళ్ల వారంటీ మోయాలి. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ వస్తుంది.

వోల్టేజ్ 900 పైన. 400కు బదులు 800 వాడితే అదే పవర్‌కు కరెంట్ సగం, తీగలో పోయే వేడి నాలుగో వంతు. అందుకని తీగలు సన్నబడతాయి, బ్యాటరీ డీసీ కరెంటును మోటారుకు ఏసీ కరెంటుగా మార్చే ఇన్వర్టర్ చిన్నదవుతుంది. మామూలు సిలికాన్ స్విచ్‌లకు ఈ వోల్టేజ్ దగ్గర నష్టం ఎక్కువ కాబట్టి సిలికాన్ కార్బైడ్ వాడారు. వోల్టేజ్ పెరిగేకొద్దీ ఇన్సులేషన్ మందం, టెర్మినళ్ల మధ్య దూరం పెరగాలి. తేమలో, దుమ్ములో ఆ దూరం చాలకపోతే పైపై నుంచే కరెంట్ పాకుతుంది. పవర్‌ట్రెయిన్ (మోటారు, బ్యాటరీ, గేర్లు) పనిలో ఇంగ్లండ్‌లోని బ్రిక్స్‌వర్త్‌లోని మెర్సిడెస్ ఫార్ములా వన్ ఇంజన్ల విభాగం చేయి ఉంది. బెంగళూరులోని మెర్సిడెస్ పరిశోధన కేంద్రం కూడా ఈ ప్రాజెక్టులో పాలుపంచుకుంది.

బాడీలో చెప్పుకోదగ్గది వెనక నేల. ఒకే అల్యూమినియం కాస్టింగ్, అంటే కరిగిన లోహాన్ని అచ్చులో పోసి తీసిన ఒకే ముక్క. బలం పడే దారుల్లోనే లోహం ఉంచి, మిగతాచోట ఖాళీ వదిలేలా సాఫ్ట్‌వేర్ చేత డిజైన్ చేయించారు. ఎండిన ఆకులో ఈనెలు మిగిలినట్టు ఉంటుంది. ఖాళీలను వ్యర్థాల నుంచి తీసిన ప్లాస్టిక్ పలకలతో మూశారు. మామూలు పద్ధతి కన్నా 15 నుంచి 20 శాతం బరువు తగ్గిందంటారు. పెద్ద కాస్టింగ్‌కు కష్టాలూ పెద్దవే. లోహం చివరి దాకా పారేలోపు చల్లారితే అతుకు గీతలు పడతాయి, గాలి చిక్కితే లోపల బుడగలు, చల్లారేటప్పుడు వంకరపోతుంది. రోడ్డు మీద వెనక నుంచి ఎవరైనా గుద్దితే వంగిన ముక్క కోసి అతికించడం తేలిక కాదు.

బ్రేక్ డిస్కులు కూడా అల్యూమినియం మిశ్రమానివే. రీజెన్ చాలా పని చేస్తుంది కాబట్టి డిస్కుకు పని తక్కువ అన్నది తర్కం. బ్యాటరీ నిండుగా ఉండి పొడుగాటి ఘాట్ దిగాల్సి వస్తే మాత్రం రీజెన్‌కు చోటుండదు, వేడంతా డిస్కు మీదే. ఇనుము తట్టుకునే వేడిని అల్యూమినియం తట్టుకోలేదు. నా లెక్కలో ఈ కారులో అతి ధైర్యంగా చేసిన పని ఇదే.

లోపలి విలాసం గురించి తక్కువే చెబుతాను. 47.5 అంగుళాల ఒకే స్క్రీన్, వెనక 3,000 పైగా విడివిడిగా ఆర్పగలిగే లైట్ల గళ్లు. నల్లగా ఉన్నచోట కరెంటు తినదు, మంచి ఆలోచనే. పుట్టగొడుగు వేళ్ల నుంచి, కాక్టస్ నుంచి చేసిన తోలు లాంటి బట్ట, వెదురు నార కార్పెట్ ప్రదర్శనకు బాగున్నాయి. చెమట, ఎండ, ఏళ్ల రాపిడి తట్టుకునే పరీక్షలు వేరే. పైకప్పు మీద 117 సోలార్ సెల్స్ ఉన్నాయి, బాగా ఎండ కాసిన రోజు 25 కి.మీ. దాకా కలుస్తుందని చెప్పారు. ఇంత తక్కువ తినే కారులోనే 25. రెండింతలు తినే కారుకు అదే పలక వేస్తే సగమే. మీ కారు మీద సోలార్ అతికిద్దామనుకుంటే ముందు ఈ సంగతి ఆలోచించండి. దానికోసం కారును ఎండలో నిలిపి, తర్వాత గంటసేపు ఏసీకి 1.5 యూనిట్లు పోయాలంటే లెక్క ఎటు తేలుతుందో మీరే చూసుకోవచ్చు.

ఇదంతా సుమారు 18 నెలల్లో చేశారు. 3 లక్షల కి.మీ. పైగా కంప్యూటర్‌లో నడిపారు కాబట్టి గాలి ఊది పరీక్షించే విండ్ టనెల్‌లో గడిపింది 46 గంటలే. 2022 జూన్‌లో స్టట్‌గార్ట్ నుంచి ఇంగ్లండ్‌లోని సిల్వర్‌స్టోన్ దాకా 1,202 కి.మీ.కి 8.3 యూనిట్లు, 2024లో రియాద్ నుంచి దుబాయ్ దాకా 1,010 కి.మీ.కి 7.4 యూనిట్లు వచ్చాయి. చదునైన దారి, తక్కువ సగటు వేగం, పల్చని వేడి గాలి రెండోదానికి కలిసొచ్చాయి. వేడి గాలికి సాంద్రత తక్కువ, టైరు రబ్బరు కూడా తక్కువ తింటుంది.

అమ్మే కారులోకి ఏం వచ్చిందో చూస్తే మీ రెండు ప్రశ్నలకూ ఒకేసారి జవాబు దొరుకుతుంది. 2025లో వచ్చిన మెర్సిడెస్ ఎలక్ట్రిక్ సీఎల్‌ఏ 250 ప్లస్‌లో 85 యూనిట్ల బ్యాటరీ, కోఎఫిషియంట్ 0.21, యూరప్ పరీక్షలో గరిష్ఠంగా 792 కి.మీ. సిలికాన్ కార్బైడ్ ఇన్వర్టర్ వచ్చింది. వోల్టేజ్ 900 కాస్తా 800 అయింది, ఆ వోల్టేజ్‌కు భాగాలూ ఛార్జర్లూ బజారులో దొరుకుతున్నాయి కాబట్టి. యానోడ్‌లోకి ఉబ్బు తక్కువుండే సిలికాన్ ఆక్సైడ్ వచ్చింది, వారంటీ మోయాలి కాబట్టి. వెనక మోటారుకు రెండు గేర్ల పెట్టె కలిపారు, హైవే మీద మోటారు తక్కువ తిప్పులతో నడవడానికి. జరిగే డిఫ్యూజర్, మెగ్నీషియం చక్రాలు, సోలార్ కప్పు రాలేదు. 0.17కూ 0.21కూ మధ్య ఉన్న ఆ 0.04లో వెడల్పు టైర్లు, కుదురుగా కూర్చునే వెనక సీటు ఉన్నాయి.